ఒక్కపొద్దు నాటి సూది

సాయంత్రం ఐదు గంటలకు గీతాంజలిని మెజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతారు. ఇప్పుడు ఒంటిగంట ఇరవై. మధ్యలో ఉన్నది మూడు గంటల నలభై నిమిషాలు. ఇప్పటికే ఒక పావుగంట గీతాంజలి అత్త బాలమ్మ ఏడుపుకే పోయింది.

ఆ ఇంట్లోనే, ఆమె ఎదురుగా కూర్చున్న రాహేలు ఆపలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి ఆమె. ఏడ్చేవాళ్లను మధ్యలో ఆపితే ఏడుపుతో పాటు చెప్పాల్సిన మాట కూడా లోపలికి పోతుందని ఆమెకు అనుభవం. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఉప్పుగూడ రైల్వే స్టేషన్ ఎదురు సందులో, జిరాక్స్ షాపు మీది గదిలో ‘ప్రైవేటు విచారణలు’ అని బోర్డు పెట్టుకుంది. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఆరాలు, పోయిన స్కూటీలు. ప్రాణం మీదికి వచ్చిన కేసు ఇదే మొదటిది. అదీ ఎవరిదో కాదు, ఏళ్ల తరబడి తను పాలు పోయించుకుంటున్న ఇంటిది. బాలమ్మకు కూతురు అఖిల పుట్టిన నాడు ఆసుపత్రి మంచం మీద ఆమె పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని బిస్కెట్లు తినిపించింది రాహేలే. ఆ పిల్లకిప్పుడు ఇరవై మూడు.

ఆ పిల్ల బోనాల ఆదివారం నుంచి కళ్లు తెరవలేదు. ఇవాళ మంగళవారం. పిల్లను చంపబోయిందని వదిన గీతాంజలిని నిన్న సాయంత్రం ఐదున్నరకు పోలీసులు తీసుకుపోయారు.

“నా కోడలు గసుంటిది గాదక్కా,” అంది బాలమ్మ ఎట్టకేలకు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “దాన్ని బయటికి తెచ్చియ్యి. నాకింకేం వద్దు.”

“తెస్త. నేను అడిగిన దానికి అడిగినట్టు చెప్తె తెస్త,” అంది రాహేలు, కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని నోటుబుక్కు తెరుస్తూ.

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి సగం విషయం రాసుకునే వచ్చింది. అఖిలకు పీసీఓడీ. పదహారో ఏటి నుంచి నెలసరి మూడు నెలలకోసారి, నాలుగు నెలలకోసారి. గడ్డం కింద వెంట్రుకలు. ఎంత కడుపు మాడ్చుకున్నా తగ్గని ఒళ్లు. ఈ బాధ ఉన్న చాలామంది ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచెయ్యదట. అందుకే షుగరు జబ్బు లేకపోయినా షుగరు గోలీలు ఇస్తారని డ్యూటీ డాక్టరమ్మ సుశీల ఓపిగ్గా చెప్పింది. అఖిల రెండేళ్లుగా ఆ గోలీలు వాడుతోంది. కిందటి నెలలో ఆమె చూపించుకునే డాక్టరు, వారానికోసారి పొట్టకు వేసుకునే సూదిమందు కూడా రాసిచ్చింది. అదీ షుగరు వాళ్ల కోసం పుట్టిన మందే. ఆకలి తగ్గిస్తుంది, బరువు తగ్గిస్తుంది, బరువు తగ్గితే నెలసరి దారికొస్తుంది.

“ఆ సూదిమందు ఒక్కటే అయితే, షుగరు జబ్బు లేని మనిషిని ఇట్లా పడగొట్టదమ్మా,” అని సుశీల అంది. “అమ్మాయిని తెచ్చినప్పుడు, డెబ్బైకి తగ్గకూడని షుగరు ఇరవై నాలుగు ఉంది. మిషన్ పాడైందేమోనని నర్సు రెండోసారి చూసింది. ఇది ఇన్సులిన్ చేసిన పని.”

ఈ మాటే నిన్న ఎస్సై జగదీశ్వర్ కూడా విన్నాడు. విని, నేరుగా ఈ ఇంటికి వచ్చి ఫ్రిజ్ తలుపు తీశాడు. పాల ప్యాకెట్ల వెనక ఇన్సులిన్ సీసా దొరికింది. అది అఖిల తండ్రి బాలనర్సింహది. పన్నెండేళ్లుగా షుగరు ఆయనకు. రోజూ ఆయనకు సూది వేసేది కోడలు గీతాంజలి. ఆదివారం పొద్దున మరదలికి సూది వేసిందీ ఆమే. శుక్రవారం నాడు వదినా మరదళ్లకు గట్టిగా మాటామాటా అయింది, పక్కింటివాళ్లు విన్నారు. గీతాంజలి వేశానంటున్న, మందు నిండి ఉండే సూది పెన్ను మాత్రం ఇంట్లో ఎక్కడా లేదు. ఇంకేం కావాలి ఎస్సైకి.

రాహేలు టైములు ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఆదివారం అఖిల ఒక్కపొద్దు ఉంది. అమ్మవారికి బోనం చెల్లించేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. తొమ్మిది నలభైకి గీతాంజలి సూది వేసింది. పదింపావుకు బోనం నెత్తికెత్తుకుని గుడికి బయలుదేరారు. పది నలభైకి గుడి మలుపు దగ్గర అఖిల ఊగడం మొదలుపెట్టింది.

ఇక్కడి నుంచి బాలమ్మ మెల్లమెల్లగా చెప్పింది. పిల్ల ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, కళ్లు ఎటో చూస్తున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. చూసినవాళ్లంతా అమ్మవారు పట్టిందన్నారు. బోనాల్లో అది కొత్త సంగతి కాదు కదా. డప్పులవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. ఎవరో కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు, ఎవరో చేతికి వేపాకు రెమ్మలిచ్చారు. బాలమ్మ మురిసిపోయింది. తన బిడ్డ మీదికి తల్లి వచ్చిందని చేతులు జోడించి, ఏం చెబుతుందోనని ఎదురుగా నిలబడింది. ఇరవై అయిదు నిమిషాలు. పదకొండు అయిదుకు అఖిల కూలిపోయింది. అప్పటికి కూడా, తల్లి శాంతించిందనే అనుకున్నారు. అన్న గోవర్ధన్ ఒక్కడే చెల్లెల్ని భుజాన వేసుకుని జనంలోంచి రోడ్డు మీదికి పరిగెత్తాడు.

“ఒక్క చెంచా చక్కెర పెడితె అయిపోవునట గదక్కా,” అంది బాలమ్మ. “డాక్టరమ్మ చెప్పింది. నా పక్కల్నే బెల్లపన్నం బోనం ఉండె. నేను దండం పెట్టుకుంట నిలబడ్డ.”

రాహేలు బాలమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఆ చేతిని అక్కడే ఉంచి, రెండో చేత్తో పేజీ తిప్పింది. ఆమె చేతిలో ఉన్నది టైము ఒక్కటే. అదీ తరుగుతోంది.

“మీ ఆయన ఇన్సులిన్ ఎప్పుడు ఏసుకుంటడు?”

రాత్రి పండుకునే ముందు ఒక్కసారే అంది బాలమ్మ. సీసా పోలీసులు తీసుకుపోయారు గానీ ఖాళీ డబ్బా ఫ్రిజ్ మీద ఉంది. రాహేలు ఆ డబ్బాను ఫొటో తీసి డాక్టరమ్మకు పంపింది. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఇది నిదానంగా, రోజంతా కొద్దికొద్దిగా పనిచేసే రకం. గంటలో మనిషిని వణికించే రకం కాదు.

సూది తొమ్మిది నలభైకి. వణుకు పది నలభైకి. సరిగ్గా గంట. అయితే అఖిల ఒంట్లోకి పోయింది తండ్రి ఇన్సులిన్ కాదు. మరి ఏది? దానికి జవాబు ఆ పెన్నులో ఉంది. పెన్నేమో లేదు.

“పెన్ను ఏడబోయింది బాలమ్మా?”

“నాకేం తెల్సక్కా. పోలీసోళ్లు ఇల్లంత ఎతికిన్రు. బర్రెల కొట్టంల గడ్డి సుత తిరగేసిన్రు.”

జవాబు మరీ తొందరగా వచ్చింది. అప్పటిదాకా ప్రతి మాటకూ కళ్లు తుడుచుకున్న బాలమ్మ, ఈ మాటకు మాత్రం తుడుచుకోలేదు. రాహేలు లేచి ఇల్లు చూడటం మొదలుపెట్టింది.

రెండు గదులు, వంటిల్లు, వెనక కొట్టంలో అయిదు బర్రెలు. అఖిల బీరువాలో విటమిన్ గోలీల సీసా ఉంది. మూత తీసి అరచేతిలో వంచుకుంటే అవి విటమిన్లు కావు, షుగరు గోలీలు. ఎందుకు మార్చిపోశారని అడిగితే, చూడవచ్చినవాళ్ల కంట పడకుండా ఉండటానికని బాలమ్మ నేల చూస్తూ చెప్పింది. పెళ్లి కావలసిన పిల్ల ఇంట్లో షుగరు గోలీలు కనబడితే ఊరంతా పాకుతుంది. వీధి చివర మందుల షాపు ఉన్నా, ఆ షాపతను బాలనర్సింహకు చుట్టం వరస కాబట్టి ఒక్కనాడూ అక్కడ కొనలేదు. బస్సెక్కి పోయి తెచ్చుకునేవాళ్లు. దిండు కింద డాక్టరు చీటీ దొరికింది. సూదిమందు పేరు, పక్కన 0.25, వారానికి ఒకసారి, బిల్లుతో కొనాలి అని కింద గీత గీసి మరీ రాసి ఉంది.

దేవుడి గూటి దగ్గర రాహేలు ఆగింది. చెప్పులు బయటే విడిచింది గానీ, ఇంకో అడుగు లోపలికి వెయ్యలేదు. ఆమెది ఆదివారం చర్చికి పోయే ఇల్లు. అయినా ఏటా బోనాలకు ఈ ఇంటి అన్నం తిననిదే ఆమెకు పండగ గడిచినట్టుండదు. పండగయ్యాక బోనం కుండను ఏం చేస్తారో ఆమెకు తెలియనిది కాదు.

పసుపు రాసి, సున్నం, కుంకుమ బొట్లు పెట్టిన కుండ. పైన మూకుడు. మూకుడు చుట్టూ వేపాకు. నిన్న వెతికిన కానిస్టేబుళ్లు ఇక్కడికొచ్చి దండం పెట్టుకుని వెళ్లి ఉంటారు. కుండ మీద ఎవడు చెయ్యి వేస్తాడు?

రాహేలు గట్టిగా గాలి పీల్చింది. ఆదివారం తెల్లారి వండిన బెల్లపన్నం మంగళవారం మధ్యాహ్నానికి ఈ ఉక్కలో ఇల్లంతా పులిసిన వాసన కొట్టాలి. కొట్టడం లేదు. అన్నం తీసేశారన్నమాట. తీసేస్తే కుండ కడిగి బోర్లించాలి. ఇది కప్పి ఉంది. పైగా ఆ వేపాకు. ఆదివారం కోసిన ఆకు ఈపాటికి వడిలి ముడుచుకుపోవాలి. ఇది పచ్చగా నిగనిగలాడుతోంది.

“బాలమ్మా,” అంది రాహేలు మెల్లగా. “నేను ముట్టను. నువ్వే తియ్యి.”

బాలమ్మ కదల్లేదు. వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.  తర్వాత బాలమ్మ గూటి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మూకుడు పక్కన పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి, రవికె గుడ్డలో చుట్టిన పెన్నును తీసింది.

“ఇది పోలీసోళ్లకు దొరికితె నా కోడలికి ఉరి ఏస్తరనుకున్న,” అంది. “పిల్లకు సూదులు ఇప్పిస్తున్నమని నలుగురికీ తెలుస్తదనుకున్న. రెండిట్ల ఏది ముందల అనుకున్ననో నన్నడగకక్కా.”

“దొరకనందుకే పట్టుకపోయిన్రు దాన్ని,” అంది రాహేలు.

అది కోపంగా అన్నది కాదు. అయినా బాలమ్మ నేల మీదికి ఒరిగిపోయింది. రాహేలు ఆమెను లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టింది. పాలు పోయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను సాక్షులుగా పిలిచింది. వాళ్ల ఎదుటే పెన్ను ఎక్కడ దొరికిందో, ఎన్నింటికి తీశారో కాగితం రాయించి, వేలిముద్రలు సంతకాలు తీసుకుంది. అప్పటికి టైము రెండూ ఇరవై.

అప్పుడు కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి, గుడ్డతోనే పట్టుకుని చూసింది. నీలం రంగు పెన్ను. చుట్టూ అంటించిన కాగితం మీద బరువు తగ్గే మందు పేరు. కాగితం అంచు ఒక చోట కొంచెం లేచింది, కింద ఇంకేవో అక్షరాలు. కాగితం మధ్యలో గాలి బుడగలు. కంపెనీలో మిషను అంటిస్తే బుడగలుండవు, చేత్తో రుద్దితే ఉంటాయి. చివరన తిప్పే చక్రం, దాని పక్కన అంకె కనబడే చిన్న కిటికీ. గుడ్డ చాటునే ఒక్కో అంకె తిప్పుతూ ఫొటోలు తీసింది. రెండు, నాలుగు, ఆరు. మధ్యలో ఒట్టి గీతలు. అట్లా పోయి పోయి అరవై దగ్గర ఆగింది. మళ్లీ సున్నాకు తెచ్చింది.

డాక్టరమ్మ సుశీల ఈసారి ఫోన్ చేసింది. చీటీలో రాసిన మందు పెన్నులో ఇరవై అయిదు అనే అంకే ఉండదట, పావు, అర, ఒకటి, అంతే. రెండేసి చొప్పున అరవై దాకా లెక్కపెట్టేది ఇన్సులిన్ పెన్ను. సూది దగ్గర చెయ్యి పెట్టొద్దని రెండుసార్లు చెప్పింది. అఖిల ఎట్లా ఉందని రాహేలు అడిగింది. షుగరు నిలబడింది, పిల్ల ఇంకా లేవలేదు, ఇవాళా రేపూ చూడాలి అని మాత్రం అంది.

స్టేషన్‌కు చేరేసరికి మూడూ పది. జగదీశ్వర్ కుర్చీలో వెనక్కి వాలి, రిమాండ్ కాగితాల మీద సంతకాలు చేస్తున్నాడు. పదిహేనేళ్ల కింద కొత్త పిల్లవాడిగా వచ్చినప్పుడు పంచనామాలో తేదీ వెయ్యడం మరిచిపోయేవాడు. రాత్రుళ్లు కూర్చోబెట్టి కేసు డైరీ రాయడం నేర్పింది రాహేలే. ఎదిగాక ఆ సంగతి ఎవరూ గుర్తు చెయ్యకపోతే బాగుండునని అతనికి ఉంటుంది. రాహేలు మొహం చూస్తేనే గుర్తొస్తుంది. అదీ ఇద్దరి మధ్య గొడవ.

“రాండ్రి మేడం. స్కూటీ దొరికిందా?” అన్నాడు తలెత్తకుండా.

“దొరికింది సారూ. సూదిమందు స్కూటీ,” అంటూ రాహేలు స్టీలు టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి, పక్కన సాక్షుల కాగితం పెట్టింది.

మూత తీసి, లోపలి పెన్ను చూసి జగదీశ్వర్ మొహం ఎర్రబడింది. సాక్ష్యాన్ని ముట్టుకున్నందుకు ఆమె మీదే కేసు పెట్టగలనన్నాడు. నా మనుషులు ఇల్లంతా గాలించి లేదన్నది, నీకు మాత్రం గంటలో ఎట్లా దొరికిందన్నాడు. బోనం కుండలో ఉందని, నీ మనుషులు దండం పెట్టుకున్నారని రాహేలు చెప్పింది. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ మైసయ్య గోడ కేలెండర్ వైపు తిరిగాడు.

“అయితె ఏందిప్పుడు?” అన్నాడు జగదీశ్వర్. “పెన్నుల ఇన్సులిన్ ఉంటె ఇంకా మంచిది. ఆమెనే పోసింది.”

“పోసేది గాదు సార్ అది, సీలు గొట్టం. పైన కాయిదం మార్చిన్రు. ఆమె వాంగ్మూలం మీరే రాస్కున్నరు గద, చదువుండ్రి.”

చదవలేదు అతను. చదవాల్సిన పని లేదు, కంఠతా ఉంది. ఇరవై అయిదుకు తిప్పి వేశానని గీతాంజలి ఒప్పుకుంది. అదే అతని కేసుకు ప్రాణం.

“డాక్టరు చీటీల ఏముంది? సున్నా, చుక్క, ఇరవై అయిదు,” అంది రాహేలు. “పెన్నుల చుక్కే లేదు. పది సదివిన పిల్ల. కిటికిల ఏం కనబడితె అది తిప్పింది. చంపేటోళ్లు ఎవరన్న ఇన్ని తిప్పిన అని అంకె చెప్పుకుంటరా?”

“మీరు ఈ కాయిదం ఇయ్యాల అంటించలేదని నేనెట్ల నమ్మాలె?”

 ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరూ ఆమెను ఆ మాట అనలేదు. రాహేలుకు చెవులు వేడెక్కాయి. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. కోపానికి ఇది వేళ కాదు.

“నమ్మకుండ్రి. లోపలికి పోయి ఆ పిల్లను మీరొక్కరే అడుగుండ్రి. నేను ఈడనే కూసుంట. ఇరవై అయిదు అంకె కిటికిల ఎట్ల కనబడ్డదో అడుగుండ్రి. గంతే.”

జగదీశ్వర్ లేచాడు. అతను వెళ్లి వచ్చింది మూడు నిమిషాలు. రాహేలు ఆ మూడు నిమిషాలూ మనసులో ప్రార్థన చేసుకుంది. తిరిగి వచ్చినవాడు కూర్చోలేదు. డబ్బాలోని పెన్నును రుమాలుతో తీసి, చక్రం నెమ్మదిగా తిప్పాడు. ఇరవై నాలుగు వచ్చింది. తర్వాత ఒట్టి గీత. ఆ తర్వాత ఇరవై ఆరు.

“ఇరవై అయిదు కనవడలేదంట,” అన్నాడు. “ఇరవై నాలుగు దాటినంక గీత కాడ ఆపిందంట.”

ఈ పెన్నును చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. అతను గోరుతో కాగితం అంచు పట్టుకుని, ఆగి, మైసయ్యను వీడియో తియ్యమని అప్పుడు లాగాడు. కింద ఇన్సులిన్ పేరు అచ్చులో ఉంది. వెంటనే పనిచేసే రకం, అన్నానికి ముందు వేసుకోవాలి అని కూడా ఉంది. గడువు తేదీ నెల కిందనే అయిపోయింది.

గీతాంజలిని బయటికి పిలిపించారు. నిన్నటి చీరతోనే, జుట్టు రేగిపోయి, పాలిండ్లు సలుపుతున్నట్టు చేతులు కట్టుకుని వచ్చింది. ఇంట్లో ఎనిమిది నెలల పిల్లవాడున్నాడు ఆమెకు. రాహేలును చూడగానే, “అఖిల లేసిందా పెద్దమ్మా?” అని అడిగింది. తన సంగతి అడగలేదు. జగదీశ్వర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

పెన్ను ఎక్కడిదంటే, నిన్ననే చెప్పిన, సారు రాసుకోలేదంది. బరువు తగ్గించే సెంటరు నడిపే ప్రణీత్ ఇచ్చాడు. మందుల షాపులో కొంటే చుట్టాలకు తెలుస్తుందనే అక్కడికి పోయారు. శుక్రవారం వదినా మరదళ్ల మధ్య వచ్చిన మాటలు కూడా దాని మీదే. బిల్లు లేకుండా ఏం మందు ఇది అని గీతాంజలి అంది, ఎవరికీ తెలియకుండా అయిపోతుంది కదా వదినా అని అఖిల ఏడ్చింది. శనివారం పెన్నులు వచ్చాయి. ఆ సెంటరులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు, నంబరే. ఆడవాళ్లకు పరువు ముఖ్యమని ప్రణీత్ పెట్టిన పద్ధతి. అఖిల నంబరు తొమ్మిది.

“మొత్తం ఎన్ని నంబర్లు?” అంది రాహేలు.

గీతాంజలి జవాబు చెప్పకుండా బల్ల మీది అఖిల ఫోన్ వైపు చూసింది. నిన్న బీరువాలో దొరికిందే. తాళం తెరవడం రాక, సైబర్ వాళ్లకు పంపడానికి కవరులో పెట్టారు. జగదీశ్వర్ కవరు చింపి ఇచ్చాడు. గీతాంజలి బొటనవేలు రెండు గీతలు గీసింది, తెరుచుకుంది.

వాట్సాప్ గ్రూపులో పద్దెనిమిది మంది. ఎవరి పేరూ లేదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ప్రణీత్ పెట్టిన మెసేజ్ ఉంది. అప్పటికి అఖిల ఆసుపత్రిలో ఉంది. పండగ పూట మస్తుగా తింటారు కాబట్టి కొత్త పెన్ను ఇవాళ ఎవరూ మొదలుపెట్టొద్దు, మంగళవారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు లోపల, పొద్దటి నుంచి ఏమీ తినకుండా, ఖాళీ కడుపుతో అందరూ ఒకేసారి వేసుకోండి అని.

రాహేలు గడియారం చూసింది. నాలుగూ పన్నెండు.

 రాహేలు ఫోన్ లాక్కున్నట్టే తీసుకుని, మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టి మాట్లాడింది. అమ్మలారా, సూది వేసుకోకండి, అది ఇన్సులిన్, వేసుకున్నవాళ్లు వెంటనే చక్కెర తిని ఆసుపత్రికి పోండి అని. పంపింది. ఇద్దరు విన్నట్టు గుర్తు పడింది. ఇంతలో తెర మీద ఇంకో వరుస వచ్చింది. అఖిల నంబరును గ్రూపు నుంచి తీసేశారు.

“చూస్తున్నడు వాడు,” అన్నాడు జగదీశ్వర్. మైసయ్యను నంబర్లన్నీ రాసుకుని ఒక్కొక్కటే కొట్టమన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లను సెంటరుకు పంపాడు. కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తే ఆడవాళ్లు కారు వీళ్లు. మొదటి మూడు ఫోన్లు మోగి మోగి ఆగిపోయాయి. ఏ నంబరు ఎవరిదో, ఇల్లు ఎక్కడో తేలాలంటే ఫోన్ కంపెనీకి రాయాలి. రాత్రి అవుతుంది.

“నాకు తెలుసు సార్,” అంది గీతాంజలి. “పేర్లు తెల్వయి అందరియి. ప్రతి వారం అఖిలను తోలుకపోయి బయట బల్ల మీద కూసునేదాన్ని. ఎవరెవరు ఏడికెళ్లి వస్తరో మాటల మీద చెప్పేటోళ్లు. గొంతు వింటె గుర్తువడత.”

గ్రూపులోంచి తీసేసినా పాత మాటలు ఫోన్‌లోనే ఉన్నాయి. చిట్టచివర, రాహేలు పంపిన దానికి ముందు, నాలుగూ ఆరుకు వచ్చిన వాయిస్ ఒకటి ఎవరూ వినలేదు. గీతాంజలి దాన్ని నొక్కింది.

“ప్రణీత్ తమ్మీ, మూడింటికే ఏసుకున్న. చేతులు నిలుస్తలేవు, కుంచె జారిపోతుంది. గిట్లనే అయితదా మొదట్ల?”

“లీలమ్మ,” అంది గీతాంజలి వెంటనే. “ధూల్‌పేట్. గణపతి బొమ్మలకు కండ్లు దిద్దుతది. షెడ్డుల ఒక్కతే ఉంటది సార్. ఆ షెడ్డు నేను చూపిస్త.”

మైసయ్య చేతిలో రిమాండ్ కాగితాలున్నాయి, కోర్టుకు బయలుదేరే వేళైందని చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. జగదీశ్వర్ వాటిని తీసుకుని రెండుగా మడిచి సొరుగులో పడేశాడు. జీపు తాళం చెవి అందుకుని, తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కు చెల్లె. ముందల కూసో, తొవ్వ చెప్పాలె.”

జీపు కదులుతుండగా వెనక సీట్లో రాహేలు తన ఫోన్ నుంచి లీలమ్మ నంబరు కొట్టింది. మోగి ఆగింది. మళ్లీ కొట్టింది. గీతాంజలి ముందు నుంచి వెనక్కి తిరిగి, రాహేలు మొహమే చూస్తూ ఎడమకు, కుడికి అని దారి చెబుతోంది. నాలుగోసారికి ఎవరో ఎత్తారు.

“లీలమ్మా, చక్కెర డబ్బా ఏడుంది? చక్కెర నోట్ల పోస్కో బిడ్డా. మేం వస్తున్నం,” అంది రాహేలు.

జవాబు లేదు. ఊపిరి వినబడింది, పొడవుగా, తడబడుతూ. తర్వాత రంగు డబ్బా ఒకటి నేల మీద పడి, దొర్లుకుంటూ చాలా దూరం పోయిన చప్పుడు.